వీగినవారి సంఘం

గుండీలక్క కుట్టుమిషను దుకాణం మీద రెండు బోర్డులున్నాయి. మొదటిది "ఇచ్చట బట్టలు కుట్టబడును". రెండోది "వీగినవారి సంఘం". మొదటి బోర్డు చూసి వచ్చేవాళ్లు బట్టలతో వస్తారు. రెండోది చూసి వచ్చేవాళ్లు వేలాడేసుకున్న మొహాలతో వస్తారు, పొట్టలు పట్టుకుని నవ్వుకుంటూ వెళతారు, వెళ్లాక ఇంట్లో పాలు మానేస్తారు. ఓడిపోవడానికీ పాలు మానేయడానికీ సంబంధమేమిటని అడగబోతున్నారు కదా? ఆగండి, అక్కడికే వస్తున్నాను.

గుండీలక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఏ చొక్కా చేతికిచ్చినా ఊడిపోయే గుండీ కనిపిస్తే అడక్కుండానే కుట్టిపెడుతుంది, పైగా ఇన్నాళ్లూ ఇలాగే ఎలా తిరిగావని నాలుగు చీవాట్లు పెడుతుంది. ఊడిపోయేదాన్ని చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాదు. ఆ గుణమే ఆమెను ఇందులోకి దించింది.

ఆమె అక్క మొగుడిది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో పశువులుంటాయి. ఒక మధ్యాహ్నం కిటికీ తెరలకు కొలతలు తీసుకుందామని గుండీలక్క అక్క వాళ్లింటికి వెళ్లింది. కొట్టం మూల ఒక మగదూడ కట్టేసి ఉంది. తల్లి దాకా అందని పొట్టి తాడు. పాపం అనుకుని నుదురు నిమిరిందో లేదో, అది ఆమె మెడలో వేలాడే టేపు అందుకుని, పొదుగనుకుందో ఏమో, ఆవురావురుమని చప్పరించి సగం నమిలేసింది. గుండీలక్క నవ్వాగక అక్కడే కూలబడింది. దానికి అప్పటికప్పుడే టేపు అని పేరు కూడా పెట్టేసింది. ఇంతకీ ఇది తాగాల్సిన పాలెక్కడ అని చూస్తే, క్యానుల్లోకెక్కి, స్కూటరుకు రెండు వైపులా వేలాడుతూ ఊరి మీదికి బయల్దేరాయి.

మగదాన్ని పెట్టుకుని ఏం చేసుకుంటాం, సోమవారం కబేళా బండి వస్తుందిలే అని బావ మామూలుగా చెప్పాడు. ఆ సాయంత్రం గుండీలక్క పాలు పోసిన టీ ముట్టుకోలేదు.

మర్నాటి నుంచి మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, అన్నీ బంద్. జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టని ఇలాంటివాళ్లను వీగన్లంటారట. మానేస్తే మానేసింది, గమ్మున ఉండొచ్చుగా? అబ్బే. చేతులు కొలుస్తూ కోళ్ల గురించి, నడుం కొలుస్తూ దూడల గురించి ఒకటే ఉపన్యాసం. చేతులు చాచి కదలకుండా నిలబడ్డ మనిషి వినక ఏం చేస్తాడు? టేపు తీయగానే పరుగో పరుగు. మూడు రోజులు తిరక్కుండానే సగం మంది పాత కొలతలతోనే కుట్టేయమని గుడ్డలు గుమ్మంలో పడేసి పోవడం మొదలుపెట్టారు.

బావకు ఇదంతా పెద్ద వినోదం. "మరదలా, నీ మాట వినేవాళ్లు నువ్వు కాక నలుగురు పోగైతే దూడ నీదే. ఆదివారం సాయంత్రం నేనే వచ్చి లెక్కపెడతా," అన్నాడు.

"మాట తప్పవుగా బావా?"

"తప్పను. నలుగురు లేకపోతే మాత్రం సోమవారం బండికి అడ్డం రాకూడదు."

అలాగేనంది. వెంటనే బోర్డులు రాసే పెద్దాయన దగ్గరికి పరుగెత్తి చీటీ రాసిచ్చింది: వీగన్ల సంఘం, ఆదివారం సాయంత్రం సమావేశం, పాలు లేని టీ ఇవ్వబడును, అందరూ రండి. ఆ పెద్దాయనకు తన రంగుల కంటే తన తెలుగు మీద గర్వం ఎక్కువ. ఆదివారం పొద్దున్న బోర్డు తెచ్చి స్వయంగా తగిలించి, మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు. వీగినవారి సంఘం అని చదివి గుండీలక్క తల పట్టుకుంది.

"వీగన్ అని తెలుగులో మాటే లేదమ్మా. తీర్మానం వీగిపోయింది అంటాం కదా, అదీ మాట. నువ్వు తప్పు రాస్తే నేనే దిద్దాను," అన్నాడాయన ఎంతో దయగా.

మళ్లీ రాయించడానికి వ్యవధి లేదు. చేసేదేముంది, వేరుశనగ గింజలు నానబోసి, రుబ్బి, లైనింగు గుడ్డలో వడగట్టి, ఆ పాలతో టీ కాచి, నాలుగు కుర్చీలు వేసి కూర్చుంది.

ముందుగా వార్డు ఎన్నికలాయన వచ్చాడు. నిలబడటం, ఓడిపోవడం తప్ప ఆయన జీవితంలో మరో ముచ్చట లేదు. ఇన్నాళ్లకు మాకూ ఒక సంఘం పెట్టారా తల్లీ అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత లెక్కల టీచరమ్మ వచ్చింది. కారు నడిపే పరీక్ష ఆమె ఎప్పుడూ తప్పుతుంది, పోయినసారి పరీక్ష పెట్టేవాడి కారునే గుద్దింది. ఎదుట కొత్త దుకాణం వచ్చి గిరాకీ పోయిన బేకరీ ఆయన మూడోవాడు. గుండీలక్క నోరు తెరిచేలోపే టీచరమ్మ సంచిలోంచి పాల ప్యాకెట్టు తీసి ఆమె చేతిలో పెట్టింది. పాలకు కూడా గతిలేని సంఘమని బోర్డు చూసి గుండె తరుక్కుపోయిందట.

ఇక లాభం లేదని గుండీలక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. వీగన్ అంటే ఏమిటో, టేపు ఎవరో, రేపు వచ్చే బండి ఏమిటో అంతా. పొరపాటున వచ్చారు, కనీసం టీ తాగి వెళ్లండి అంది. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. బేకరీ ఆయన కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు, మిషను మీది దారపు కండెలు దొర్లిపడేదాకా నవ్వారు.

"ఆ దూడ ఆడదై పుట్టుంటే?" నవ్వు మధ్యలో ఎన్నికలాయన అడిగాడు.

"ఉంచుకునేవాళ్లు."

"అంటే పుట్టగానే ఓడిపోయిందన్నమాట. నయం, నన్ను నామినేషన్ వేసేదాకా ఆగనిచ్చారు."

నవ్వు ఆగిపోయింది. టీచరమ్మ పాల ప్యాకెట్టు తిరిగి సంచిలో పెట్టేసుకుంది. గుడ్డూ పాలూ లేకుండా కేకు పొంగుతుందో లేదో రేపే చూస్తానన్నాడు బేకరీ ఆయన.

సరిగ్గా అప్పుడే బావ వచ్చాడు. గుమ్మంలో నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు.

"ముగ్గురే, మరదలా."

ఇంత తక్కువ తేడాతో నేనెప్పుడూ ఓడలేదే అని ఎన్నికలాయన గొణిగాడు. గుండీలక్కకు మాత్రం నవ్వు రాలేదు. ఖాళీ కుర్చీని చూస్తుంటే ఏడుపు ముంచుకొచ్చింది. మెడలో సగం నమిలిన టేపును ఊరికే వేళ్లకు చుట్టుకుంది. బావ ఆ టేపును చూశాడు. బయటికి వెళ్లి, తలెత్తి బోర్డు చదివి, మళ్లీ లోపలికి వచ్చాడు.

"ఇది ఓడిపోయినవాళ్ల సంఘమా?"

అవునన్నాడు ఎన్నికలాయన దర్జాగా.

బావ ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యేశాడు. "బండి వచ్చిన ప్రతిసారీ ఇంట్లోకెళ్లి టీవీ సౌండు పెంచుకుని కూర్చుంటాను. తల్లులు అరుస్తాయి కదా. మీ అక్కకు కూడా ఎప్పుడూ చెప్పలేదు," అన్నాడు. అని నాలుగో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇప్పుడు లెక్కపెట్టు, మరదలా."

టీచరమ్మ చేయి అలవాటు కొద్దీ సంచిలోని పాల ప్యాకెట్టు మీదికి పోయింది. బావ వద్దన్నట్టు తలూపి, తనకూ అందరూ తాగేదే పోయమన్నాడు. గుండీలక్క ఏడుస్తూ, నవ్వుతూ పోసింది, సగం టీ ఆయన చొక్కా మీదే పోసింది. ఆ చొక్కాకు ఒక గుండీ ఊడబోతోందని ఆమె అప్పుడే గమనించింది.