మా వెబ్‌సైటులో మూడు నెలల అమావాస్య

మా ఇంటామె మగ్గం నేస్తే నేను పక్కన కూర్చుని దారం కండెలు చుడతాను. గద్వాలలో ఇది పెద్దగా చెప్పుకునే పనేమీ కాదు. అందుకే మా చీరలకు వెబ్‌సైటు వచ్చాక, దాన్ని నడిపేది నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. టీ కొట్టు దగ్గర అడగనివాళ్లకు కూడా చెప్పాను.

వెబ్‌సైటు ఆలోచన మాత్రం ఆమెదే. మేం నేసేది షావుకారుకు. నూలూ పట్టూ ఆయనవి, రంగులు ఆయన చెప్పినవి, నేసిన కూలి మాది. ఆయన లెక్కలో ఎరుపు, ఆకుపచ్చ తప్ప లోకంలో రంగుల్లేవు. ఈమెకేమో కందిపువ్వు పసుపు చీరకు ఎర్రమట్టి రంగు అంచు వేసి చూడాలని ఏళ్లనాటి కోరిక. కిందటి ఉగాదికి మొండికేసి సొంతంగా ఒక పడుగు తెచ్చుకుంది. ఆ పడుగులో మూడు చీరలు వస్తాయి.

"శ్రావణం లోపల మూడు అమ్ముడువోతే మళ్ల నా రంగులే నేస్త. పోకుంటే షావుకారు పడుగే ఎక్కిస్త, ఇగ జన్మల నోరెత్తను" అంది. అమ్మే పూచీ నాది.

వనపర్తిలో ఇలాంటి చిన్న వ్యాపారాలవాళ్లకు రెండు రోజులు శిక్షణ ఇస్తామంటే వెళ్లాను. అక్కడి సారు నా పక్కన కూర్చుని వెబ్‌సైటు చేసిపెట్టాడు. వారానికోసారైనా అందులో ఏదో ఒకటి మార్చాలన్నాడు. "మార్చకుంటే దుకాణం మూసిన్రు అనుకుంటరు" అన్నాడు. గోపాల్‌పేట నుంచి వచ్చిన పచ్చళ్లామె తాను దినం తప్పకుండా మారుస్తానంది. నేను ఊరుకోవచ్చు కదా! లేచి నిలబడి, "చీరేమన్న పచ్చడా సార్, దినాం మూత తీసి చూపెట్టనీకె?" అన్నాను. అందరూ నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు.

మొదటి చీర ఫొటో పెట్టిన వారానికే హైదరాబాదు నుంచి ఎవరో తీసుకున్నారు. ఆ రోజు మా ఇంటామె మగ్గం గుంటలో కూర్చుని గొంతెత్తి పాడింది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో అంత గట్టిగా పాడగా నేను వినలేదు.

తరువాత అమావాస్య వచ్చింది. మాలో అమావాస్యనాడు మగ్గం ఎక్కరు. ఈ సంగతి చదువుకున్నవాళ్లకు గొప్పగా ఉంటుందని, "నేడు అమావాస్య. మా మగ్గానికి సెలవు" అని పెద్ద పెద్ద అక్షరాలతో వెబ్‌సైటు నుదుటి మీద పెట్టాను. మర్నాడు తీసేద్దామనుకునేలోగా నా ఫోను నీళ్ల బకెట్లో పడి చచ్చింది. కొత్త ఫోనులో తెరిస్తే వెబ్‌సైటు పాస్‌వర్డ్ అడిగింది. నాకు గుర్తులేదు.

నా పుట్టినరోజు కొట్టాను. మా కులదైవాన్ని కొట్టాను. అమ్మేసిన బర్రె పేరు కూడా కొట్టాను. "మరిచిపోయారా?" అని వెబ్‌సైటే మర్యాదగా అడిగింది. అవునంటే, కోడ్ మీ మెయిల్‌కు పంపాం చూసుకోండంది. మెయిలుకు పెట్టుకున్నదీ అదే పాస్‌వర్డ్.

వనపర్తి సారుకు ఫోను చేస్తే పది నిమిషాల్లో తేలిపోయేది. కాని పచ్చడి మాటన్న నోటితో ఎలా అడగను? ఇంట్లో చెప్పడం ఇంకా కష్టం. కొత్త చీర నేసి మగ్గం మీంచి కోసిన రోజున ఆమె, "ఫొటో పెట్టినవా?" అంది. "మాటిమాటికి మారుస్తే విలువ పోతది. పదిహేను రోజులకోసారి మారుస్తె చాలు" అన్నాను. పదిహేను రోజులు పోయాక నెలకోసారన్నాను. నెల పోయాక, పెద్ద పెద్ద కంపెనీలు పండుగకోసారే మారుస్తాయని చెప్పాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, పాస్‌వర్డ్ తెలియనివాడికి సిద్ధాంతాలెక్కువ. ఆమెది మీటల ఫోను, అందులో వెబ్‌సైటు కనబడదు. "నీకు తెల్సుగద, సదువుకున్నోనివి" అని నా మాట నమ్మింది. ఆ నమ్మకమే నన్ను కాల్చుకుతినేది.

మధ్యలో అసలైన అమావాస్యలు వచ్చాయి. ఆ రోజుల్లో మాత్రం మా వెబ్‌సైటు నిజమే చెప్పింది.

శ్రావణం వచ్చేసింది. మిగతా రెండు చీరలూ రేకు పెట్టెలోనే ఉన్నాయి. ఆమె షావుకారు ఎర్ర పడుగు తెచ్చి మగ్గానికి ఎక్కించింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఎవరో టీచరమ్మ వెబ్‌సైటులో చిరునామా పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నాగర్‌కర్నూల్ నుంచి అలంపూర్ గుడికి పోతూ గద్వాలలో దిగిందట. గడపలో నిలబడి మగ్గం చప్పుడు విని ఆశ్చర్యపోయింది.

"ఏందమ్మా, మగ్గం నడుస్తనే ఉందే! మూడు నెలల సంది చూస్తున్న. ఎప్పుడు తెరిచినా అమాసే, ఎప్పుడు తెరిచినా సెలవే. దినాం అమాసొచ్చే ఇల్లెట్లుంటదో చూసిపోదామని వచ్చిన" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా కండె చుడుతూనే ఉన్నాను. దారం అప్పటికే అయిపోయింది.

మా ఇంటామె మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, పెట్టె తెరిచి ఆ రెండు చీరలూ ఆమె ఒళ్లో పెట్టింది. టీచరమ్మ ఆ పసుపు మీద చెయ్యి వేసి అంచు దాకా నిమిరింది. "అయ్యో తల్లీ! మా అక్క గృహప్రవేశానికి ఇద్దరం ఒక తీరువి రెండు కావాలని ఎంత తిరిగినం! మీరు తెరుస్తలేరని పోయిన నెల వేరేకాడ తీసుకున్నం. ఇవి మీ వెబ్‌సైటుల కనవడలేదేందమ్మా?" అంది.

మా ఇంటామె నా వైపు చూసింది. టీచరమ్మ చాయ్ తాగి, చీరలు మళ్లీ జాగ్రత్తగా మడతపెట్టి ఇచ్చి వెళ్లిపోయింది.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. బకెట్టు దగ్గర మొదలుపెట్టి బర్రె దాకా అంతా చెప్పేశాను. ఆమె విని, మగ్గం పక్క గోడ వైపు వేలు చూపించింది. పోగుల లెక్కలు రాసుకునే ఆ గోడ మీద, బొగ్గు గీతల మధ్య, ఇంగ్లీషులో అయిజ అని ఉంది. పక్కన నాలుగు అంకెలు.

"నువ్వే గద, మరిచిపోతనేమో రాసిపెట్టు అని దగ్గరుండి అక్షరాలు చెప్పినవ్? మూడు నెలల సంది దాని ముంగటనే కూసొని కండెలు చుడ్తున్నవ్" అంది. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని, "బర్రె పేరు గూడ యాదికొచ్చెగాని, నా పుట్టినూరు అయిజ రాలేదా నీకు? ఒక్కమాట అడిగితే నేను చెప్పకపోదునా?" అంది.

నిజమే, అడిగితే చెప్పేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే వెబ్‌సైటు తెరిచాం. రెండు చీరల ఫొటోలూ పెట్టాం. పైన ఏం రాయాలో ఆమె చెప్పింది, నేను అక్షరం మార్చకుండా కొట్టాను: "ఇయ్యాల అమాస గాదు. మగ్గం నడుస్తుంది." తరువాత ఆమె మళ్లీ గుంటలోకి దిగి షావుకారు ఎరుపు నేయసాగింది. ఎక్కించిన పడుగు వదలడానికి లేదు కదా.

వారంలో ఒక చీర అమ్ముడుపోయింది. రెండోది పోలేదు, ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. వెబ్‌సైటు ఎన్నాళ్లకోసారి మార్చాలనే చర్చ మాత్రం మా ఇంట్లో తీరిపోయింది. చీర కోసిన రోజు మారుస్తాం, ఫొటో పెట్టాకే నాకు అన్నం. షావుకారు పడుగులో ఆఖరి చీర కోసిన పూట, ఫొటో పెట్టడానికి అది మాది కాకపోయినా, నేను ముద్ద ముట్టకుండా బొగ్గు ముక్క పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. "వచ్చే పడుగుకు రంగులు చెప్పు, రాసుకుంట" అన్నాను.

ఆమె కత్తెర పక్కన పెట్టి, "పచ్చి పసుపు గాదు, కందిపువ్వు పసుపు అని రాయి" అంది. అయిజ కింద రాశాను.