గోనెసంచి కట్టిన సపోటా

మా ఆయన పోయిన ఏడాది ఇల్లు రెండు వాటాలైంది. మల్కాపురంలోని ఆ పెరట్లో ఆయన నాటి పెంచిన సపోటా చెట్టు సరిగ్గా మరిది గది కట్టుకోవలసిన చోట ఉంది.

"కొట్టేసి ఇంకోటి ఎట్టుకుందాం ఒదినా" అన్నాడు మరిది. మంచిగానే అన్నాడు.

కొట్టొద్దు, నా వాటాలోకి జరుపుదాం అన్నాను. ఆయన పోయినప్పటి నుంచి నా అంతట నేను అడిగింది అదొక్కటే.

బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. తక్కిన చదువంతా గ్రంథాలయం బల్ల దగ్గరే. పెద్ద చెట్టును ఎలా కదిలించాలో అక్కడి వ్యవసాయం పుస్తకాల్లో వెతికి పట్టుకున్నాను. చలికాలంలోనే చుట్టూ కందకం తవ్వించి, పక్కకు పాకిన వేళ్ళు నరికించి, కొత్త పీచువేళ్ళు పుట్టడానికి మెత్తటి మట్టి నింపించాను. వానలు మొదలయ్యాక, ఆయనతో పోర్టులో పనిచేసిన కళాసీలు వచ్చారు. పోర్టు ఇనుప ఖనిజం దుమ్ముతో ఎర్రబడ్డ కొమ్మలు కొన్ని కోసి, వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిముద్దను తడి గోనెలతో బిగించారు.

"పుస్తకంలో ఇంకా ఏటి రాసుంది ఒదినా?" అన్నాడు వాళ్ళలో ఒకాయన.

"తూర్పుకున్న ముఖం మళ్ళీ తూర్పుకే ఉండాలి."

"ఇన్నావా బావా? పెళ్ళికూతుర్ని కూకోబెట్టినట్టు కూకోబెట్టాలంట!"

అందరూ నవ్వారు. నవ్వవలసిన చోటని నాకూ తెలిసింది. చెట్టును చెక్కల మీదికెక్కించి, కింద ఇనుప గొట్టాలు దొర్లించుకుంటూ తెచ్చి కొత్త గోతిలో దించారు.

వారం తిరక్కుండా ఆకులన్నీ రాలాయి. బెరడును గోటితో గీరితే కింద పచ్చగా ఉండాలి, ఉంటే ప్రాణమున్నట్టు. అదీ చదివిందే. గీరాను. పచ్చగానే ఉంది. నాలో ఏమీ కదల్లేదు. మర్నాడు మళ్ళీ గీరాను. ఆ తర్వాత నీళ్ళు పోసినప్పుడల్లా గీరాను. మానంతా పాలు కారి చారలు కట్టింది.

చూడవచ్చిన కళాసీ ఒకాయన గుండెలు బాదుకున్నాడు. "ఏటొదినా ఇది? పిల్లి గీరినట్టు గీరేసినావు! బతికుందో నేదో సూత్తా సూత్తా నువ్వే సంపేత్తావు."

మాను చుట్టూ గోనెసంచి చుట్టి తాడు కట్టాడు. పోర్టు వాళ్ళు వేసే ముడి. మా ఆయనా అలాంటి ముడే వేసేవాడు. విప్పడం నాకెప్పుడూ రాలేదు.

ఇక చూడటానికి లేదు. నీళ్ళు మాత్రం పోశాను.

దసరా ముందు సంచికి పైన చిగుళ్ళు వచ్చాయి. తోటికోడలు చూసి కేకేసింది. వెళ్ళాను. నిజమే, వచ్చాయి. బిందె నూతి దగ్గరే వదిలి వచ్చానని గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి తెచ్చి నీళ్ళు పోశాను. ముడి జోలికి పోలేదు.