నాయిన పటాలానికి పోయిన ఏడాది

కండ్లకోయలో నేను రసాయనశాస్త్రం చెప్పే కాలేజీలో మొన్న చెట్ల మొదళ్ళకు సున్నం పూయడానికి పనివాళ్ళు డ్రమ్ములో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశారు. అది బుసబుసమని పొంగి, వేడి ఆవిరి లేచి, ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే క్లాసుకు పోతున్న నేను అక్కడే ఆగిపోయాను. హైవే మీద బస్సుల హోరు కాసేపు వినబడలేదు. నాకు పదేళ్ళు, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే తోవలో మా ద్రాక్షతోట, తోటలో నాయిన.

మా నాయిన ఉద్యానశాస్త్రం ప్రొఫెసరు. దానితోపాటు టెరిటోరియల్ ఆర్మీలో కెప్టెన్ కూడా. మామూలు రోజుల్లో ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటూ, ఏడాదికి కొన్ని వారాలు శిక్షణకు పోయి, అవసరం పడి పిలిస్తే యూనిఫాం వేసుకుని బయల్దేరేవాళ్ళ పటాలం అది. ఊళ్ళో సగంమంది ఆయన్ని తోట సారనీ, మిగతా సగం మిల్ట్రీ సారనీ పిలిచేవాళ్ళు. ఆదివారం చర్చి నుంచి రాగానే అరుగు మీద కూర్చుని బూట్లకు ముఖం కనబడేదాకా పాలిష్ పెట్టేవాడు. సాయంత్రం అవే చేతులతో, గోళ్ళలో ఇంకా నల్లరంగు ఉండగానే, లేత తీగలను పందిరి తీగకు అరటినారతో వదులుగా కట్టేవాడు. గట్టిగా కడితే తీగకు ఊపిరాడదని విద్యార్థులకు చెప్పినట్టే నాకూ చెప్పేవాడు.

ఆ రోజుల్లో మా వైపు ఎటు చూసినా అనాబ్ ద్రాక్ష తోటలే. రాతి స్తంభాలు, వాటి మీద ఇనుపతీగల పందిళ్ళు, ఎండాకాలం మధ్యాహ్నం కూడా కింద చల్లగా, పచ్చగా ఉండే వెలుతురు. ఆ నీడలో బడి పిల్లలమంతా చింతగింజలతో వామనగుంటలాడేవాళ్ళం. వానాకాలం పోతూ పోతూ గట్ల మీద తంగేడు పూయించి పోయేది. బతుకమ్మ రోజుల్లో పక్కింటి వాళ్ళు రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పంపితే, క్రిస్మస్‌కు మా అమ్మ అదే పళ్ళెంలో గరిజెలు నింపి తిరిగి పంపేది. శామీర్‌పేట గుట్టల మీంచి గంపల్లో వచ్చే సీతాఫలాలను అవ్వ వడ్లలో మగ్గబెట్టి, పొద్దున్నే ఒక్కొక్కటీ నొక్కి చూసి, మెత్తబడ్డది నా చేతిలో పెట్టేది. అవ్వ నాయినకు తల్లి. చదువు రాదు. అయినా రోజూ తెల్లారగానే పెద్ద నల్ల బైబిలు ఒళ్ళో తెరిచి పెట్టుకుని కూర్చునేది. పక్కన కూర్చుని నేను చదివితే, తానే చదువుతున్నట్టు వేలితో వరసలు దిద్దేది.

సీతాఫలాల కాలమే ద్రాక్షకు కత్తిరింపు కాలం కూడా. పోయిన ఏటి కొమ్మలన్నీ కోసేస్తే తోట బోడిగా అయిపోయి, పదిహేను రోజుల్లో కొత్త చిగుళ్ళూ వాటితోపాటు పిందెలూ వస్తాయి. ఆ నెల ఏమరపాటుగా ఉంటే ఏడాది పంట పోయినట్టే. సరిగ్గా అప్పుడే, సరిహద్దులో బాగాలేదని రేడియోలో రోజూ చెబుతున్న రోజుల్లో, పోస్ట్‌మ్యాన్ ఒక పొడుగాటి కవరు నా చేతికిచ్చాడు. ఎర్రటి ముద్ర చూసి అదేమిటో నాకు అర్థమైంది. అంతకుముందు అలాంటి కవరు వచ్చినప్పుడల్లా నాయిన ట్రంకుపెట్టె దించేవాడు. ఈసారి శిక్షణ కాదని కూడా తెలుసు. కవరును తీసుకుపోయి అవ్వ బైబిల్లో వెనక పేజీల మధ్య పెట్టాను. దేవుడి పుస్తకంలో ఉంటే దేవుడే చూసుకుంటాడనుకున్నానో, ఆ పేజీలదాకా అవ్వ రాదనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

నాలుగో రోజు పొద్దున పుస్తకం తెరుస్తుంటే కవరు జారి అవ్వ ఒళ్ళో పడింది.

"గిదేంది బిడ్డా?" అంది అవ్వ. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అచ్చరం ముక్క రాకున్నా గీ ముద్ర నాకెర్కే. మీ నాయినది. నీ శేతుల్తోనే ఇయ్యి, పో."

నాయిన తోటలో కత్తెరతో కొమ్మలు కోస్తున్నాడు. కవరు చింపి చదివి, ఎప్పుడొచ్చిందని అడిగాడు.

"మూడొద్దులాయె."

"ఎందుకు దాసినవ్?"

"నువ్వు పోతవని."

కొడతాడనుకున్నాను. ఆయన కత్తెర నేల మీద పెట్టి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు మూడొద్దులు దాసినవ్ బిడ్డా. నేను నెల సంది దాస్తున్న. పిలుస్తరని ముందే ఎర్కే. మీ అమ్మకు జెప్పనీకి నోరు రాలే." అంత పెద్ద మనిషి నాలాగే భయపడ్డాడన్న సంగతి ఆ క్షణంలో నాకెంత ఊరటనిచ్చిందో, అంత దిగులునూ పెట్టింది. ఇద్దరం చేయి పట్టుకుని ఇంటికి నడిచాం.

అమ్మ మేడ్చల్‌లో చిన్నబడి పంతులమ్మ. గొంతు పెంచి మాట్లాడి ఎరగదు. కాగితం చదివి, మడతపెట్టి, "పోతనంటే నేనెన్నడన్న వద్దన్ననా?" అంది. "నెల రోజులు నా పక్కన కూసోని బువ్వ తినుకుంట ఒక్క మాట జెప్పకపోతివి." తరవాత రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ ట్రంకులో ఉన్ని బనీన్లూ, సకినాల డబ్బా సర్దింది ఆమే. మేడ్చల్ స్టేషన్‌లో బండి కదిలేముందు మాత్రం కిటికీ దగ్గరికి పోయి, "తోట నేను జూసుకుంట. నువ్వు కాయితం రాయి. మంచైనా చెడైనా రాయి" అంది. నాయిన తల ఊపాడు. తోటలో ఏ వారం ఏం చేయాలో రాసిన నోట్‌బుక్కు ఆమె చేతిలో పెట్టాడు.

నాయిన పోయిన పన్నెండో రోజు ముసురు పట్టింది. చిగుళ్ళు అప్పుడే చిటికెనవేలంత పొడవొచ్చాయి. ముసురులో ద్రాక్షకు వచ్చే బూజు తెగులు గురించి మా వైపు పిల్లలక్కూడా తెలుసు. పొద్దున ఆకు కింద తెల్లటి పొడిలా కనబడి, వారంలో పిందెలను మాడ్చేస్తుంది. మూడోనాడు వాన కాస్త తెరిపిచ్చింది. అమ్మ నోట్‌బుక్కు పట్టుకుని తోటకు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ద్రాక్ష పందిళ్ళ కింద బతికిన ఎల్లయ్య మా తోట పని చూసేవాడు. ఆకాశం వైపు చూసి పెదవి విరిచాడు.

"మల్ల ఆన వస్తదమ్మా. మందంత కొట్టుకపోతది. రెండొద్దులు ఆగుదాం."

"రెండొద్దులు ఆగితే కొట్టుకపోనీకి ఆకులుండయి ఎల్లయ్యా" అంది అమ్మ. "కొడదాం. పోతే మల్ల కొడదాం."

ఆ తెగులు మందు కోసం మైలుతుత్తం ఒక తొట్టిలో, సున్నం ఒక తొట్టిలో విడివిడిగా కరిగించి, మూడో తొట్టిలో రెండూ కలిపారు. ఆకాశం విరిగి తొట్టిలో పడ్డట్టు నీలంగా మారింది. సున్నం తక్కువైతే ఆ మందే లేత ఆకును కాల్చేస్తుంది. మెరిసే కత్తి ముంచి తీస్తే దాని మీద ఎర్రగా రాగి పేరుకోకూడదని నోట్‌బుక్కులో నాయిన రాశాడు. కత్తి పట్టుకోమని అమ్మ నాకిచ్చింది. మొదటిసారి ఎర్రబడింది. సున్నం పోశారు. రెండోసారి కొంచెం. మూడోసారి ముంచి తీసి, లంగా అంచుతో తుడిచి, మళ్ళీ ముంచి చూశాను, తెల్లగానే ఉంది. "సాలు" అన్నాను. పెద్దవాళ్ళిద్దరూ ఇంకో మాట లేకుండా పంపు ఎత్తుకోవడం నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. సాయంత్రానికి మళ్ళీ వాన పడింది. తెల్లారి మళ్ళీ కొట్టారు. ఆ ముసురులో మొత్తం నాలుగుసార్లు. అమ్మ చీరలన్నీ నీలంమరకలు, ఎల్లయ్య మీసం కూడా నీలమే.

పడమటి వైపు వరసలు పోయాయి. మిగతావి నిలిచాయి. ఆ మాటే, ఎన్ని వరసలు పోయాయో కూడా దాచకుండా, అమ్మ నాయినకు రాసింది. ఆయనా రాశాడు, చలి గురించి, వేళ్ళు పగలడం గురించి, ఒకసారి భయమేసిందని కూడా. ఆ కాగితాలు నేను అవ్వకు చదివి వినిపిస్తే, అవ్వ వేలితో వరసలు దిద్దేది.

పళ్ళు పసిమి తిరిగి సగం కోత అయిపోయాక, ఒక పగటిపూట నాయిన భుజాన సంచితో నేరుగా తోటకే వచ్చాడు. సన్నబడ్డాడు, నల్లబడ్డాడు. తనకు చూపించడం కోసమని అమ్మ కోయకుండా ఉంచిన రెండు వరసల కింద మెల్లగా నడిచి, ఎండిన పడమటి తీగల దగ్గర ఆగి, అమ్మతో "నేనున్నా గింతకన్న కాపాడకపోదును" అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది. అన్నాళ్ళలో ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

ఆ తోటలు ఇప్పుడు లేవు. బోర్లు ఎండాయి, తోవలు వెడల్పయ్యాయి, స్తంభాలు పీకి ప్లాట్ల హద్దులకు పాతారు. అవ్వా లేదు, ఎల్లయ్యా లేడు. పందిరి కింది పచ్చటి వెలుతురు ఎలా ఉండేదో మా పిల్లలకు చెప్పబోయి మాటలు దొరక్క ఊరుకుంటాను. అమ్మా నాయినా ఇప్పుడు బహదూర్‌పల్లి కాలనీలో మాతోనే ఉంటున్నారు. పొద్దున్నే ఆయన వీధంతా తిరిగి, ఎవరి గేటు దగ్గర మొక్క వాడినా బెల్లు కొట్టి మరీ చెప్పి వస్తాడు.

పోయిన నెల పక్కింటి డ్రైవరు కూతురు మౌనిక మా ఇంటికి వచ్చింది. కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది. నాయిన పనిచేసిన ఆ పటాలంలోనే ఆఫీసరుగా చేరడానికి దరఖాస్తు పెడతానంది. పరీక్ష ఎట్లుంటుంది తాతా, పరుగు ఎంత ఉరకాలె అని గంటసేపు అడిగింది. అన్నీ చెప్పి, చివరికి నాయిన, "ఇంట్ల జెప్పినవా?" అన్నాడు.

"సెలక్టయినంక జెప్దామని."

"గట్ల జెయ్యకు. ఇప్పుడే పోయి జెప్పు. ఇనకుంటే మల్ల మల్ల జెప్పు."

మౌనిక వెళ్ళిపోయింది. కాసేపటికి గోడ అవతల ఆమె తల్లి గొంతు పెద్దగా లేచింది, తండ్రి ఏదో అడ్డుపడ్డాడు, మళ్ళీ తల్లి, మళ్ళీ మౌనిక. నేను కంగారుపడి లేవబోయాను. నాయిన కుర్చీలోంచి కదలకుండా, చెవి అటు పెట్టి, చిన్నగా నవ్వాడు.

"కూసో బిడ్డా. మాట్లాడుకుంటున్నరు."