డబ్బా లోపల కొట్టించిన పేరు

దగ్గరికి జరిగి కూర్చోండి, పనులుంటే తర్వాత చేసుకోవచ్చు. నేను చదివింది రెండో తరగతే అయినా, కళ్లతో చూసింది మరిచిపోయే అలవాటు నాకు లేదు. దానికి తోడు అనుమానం జాస్తి. పాలు పోసే ఆయన వస్తే వేలు ముంచి చూశాకే గిన్నె పడతాను. ఆయనకూ అలవాటైపోయింది, ముందే క్యాను వంచి చూపిస్తాడు.

సిద్దిపేటలో మా ఇంటి ముందు గదిలో కోడలి ఎంబ్రాయిడరీ మిషను ఉంది. పెళ్లి జాకెట్ల మీద నెమళ్లు, మామిడి పిందెలు కుడుతుంది. నా కొడుకు నడుము దెబ్బతిని మంచాన పడ్డప్పటి నుంచి ఇల్లు గడిచేది ఆ మిషను మీదే. ఓ రోజు దాన్ని నడిపించే డబ్బా కాలిపోయింది. ఇనుప డబ్బా, రెండు ఇటుకలంత ఉంటుంది. ఇక్కడ బాగుచేసేవాళ్లు దొరకలేదు. తయారుచేసిన కంపెనీ వేరే దేశంలో ఉంది, పంపితే బాగుచేసి తిప్పి పంపుతామన్నారు.

"లోపలి మంచి సామాను తీసి, పాతది పెట్టి పంపరని ఏం నమ్మకం?" అన్నాను.

"వాళ్లకు గదే పనా అత్తమ్మా?" అని కోడలు నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా దిక్కు కొత్త బోలు, అంటే గిన్నో చెంబో, కొంటే పేరు కొట్టించకుండా ఇంట్లోకి తేరు. దావత్‌కు ఇచ్చిన బిందె మన ఇంటికే తిరిగి రావాలంటే దాని మీది పేరే సాక్షి. మా ఇంట్లో ఏ చెంబు తిప్పి చూసినా మా ఆయన పేరే కనిపిస్తుంది.

కోడలు దారాలకని గజ్వేల్ పోయిన పూట, డబ్బాను కొంగు చాటున పెట్టుకుని బోళ్ల దుకాణానికి నడిచాను.

"గిదేం బోలు అవ్వా? గిది కరెంటు డబ్బా గదా!" అన్నాడు పేర్లు కొట్టే ఆయన.

"బోలైతేనే పోతదా, డబ్బా పోదా? మూత తీసి లోపలి రేకు మీద కొట్టు."

ఏ పేరు కొట్టాలో చెప్పాను. టకటకా చుక్కలు పెట్టాడు. నడుమ ఒక చుక్క జారి అక్షరం కింద పడితే, కూలిలో సగమే ఇస్తానని పోట్లాడాను కూడా. కోడలికి మాత్రం చెప్పలేదు. చెబితే మిషను పాడుచేశావంటుంది.

మర్నాడు కోడలు మూత తీసి లోపలా బయటా ఫొటోలు తీసింది. బాగుచేయడానికే పోతోంది, తిరిగి వస్తుంది అని రాసిన కాగితాలతో పాటు ఆ ఫొటోలు కొరియర్ వాళ్లకిచ్చి డబ్బాను పంపింది.

రెండు నెలలకు ఫోన్లో మెసేజ్ వచ్చింది. మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, సుంకం కట్టాలి అని.

"ముట్టకు బిడ్డా! చిన్నకోడూరుల మా ఆడిబిడ్డ గిట్లనే పార్సిలని నమ్మి మోసపోయింది. మన డబ్బా మన ఇంటికొస్తే సుంకమెందుకు?" అని ఫోను గుంజుకున్నాను.

తర్వాత ఎవరో ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. "కస్టమ్సా? ముందుగాల నీది ఏ ఊరో చెప్పు. మీ బాపు పేరేంది?" అన్నాను. అవతలాయన పెట్టేశాడు. చూశావా, దొంగ కాకపోతే ఎందుకు పెట్టేస్తాడు అనుకున్నాను.

అలా ఐదు రోజులు పోయాయి. ఓ పెళ్లికూతురి తల్లి వచ్చి జాకెట్ ముక్కలన్నీ వెనక్కి తీసుకుపోయింది. ఆరో రోజు కోడలు కొరియర్ ఆఫీసుకు పోయి అడిగింది. కబురు నిజమే. రేపటిలోగా జవాబివ్వకపోతే డబ్బా వచ్చిన దారినే వెనక్కి పోతుందట. ఆమె ఇంటికొచ్చి ఆగిపోయిన మిషను మీద గుడ్డ కప్పింది. అదే ఎక్కువ తగిలింది. మర్నాడు పొద్దున్నే ఆమె వెనకే నేనూ హైదరాబాద్ బస్సెక్కాను.

కస్టమ్స్ సారు కాగితాలు మూడుసార్లు తిరగేశాడు. "మీరు పంపిన డబ్బా నంబరు వేరు, దీని మీది నంబరు వేరు. గిది కొత్తది. కొత్తదానికి పడే సుంకం అంతా కట్టాలె."

"కొత్తది కాదు సార్," అంది కోడలు. "వెనక రేకు మార్చిన్రు, నంబరు దాని మీద ఉండె. కంపెనీ ఉత్తరం రాసింది చూడున్రి."

"ఉత్తరం ఎవరైన రాస్తరమ్మా. మీ సామానే తిరిగొస్తే రిపేరు ఖర్చు మీద, రానుపోను కిరాయి మీదనే సుంకం. కానీ గిది మీదేనని రుజువేంది?"

కళ్లు చిన్నవి చేసి చూస్తున్నాడు. నేను పాల క్యానును చూసే చూపే అది. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"సారూ, మూత తీయించున్రి. లోపల పేరుంటది."

కోడలు నా వైపు తిరిగింది. "ఏం చేసినవ్ అత్తమ్మా?"

"పేరు కొట్టించిన."

"మిషను మీదనా!"

మూత తీశారు. రేకు మీద చుక్కల అక్షరాలు ఉన్నాయి. సారు అప్పటికీ నమ్మలేదు. పంపేటప్పటి ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి పక్కన పెట్టుకున్నాడు. జారిన చుక్క ఇందులోనూ ఉంది, అందులోనూ అక్కడే ఉంది.

"గవి కంపెనోళ్లు పెట్టుకున్న చుక్కలనుకున్న, చదివి చూడలే," అంది కోడలు నెమ్మదిగా.

సారు పేరు పైకి చదివాడు. మామ పేరే వస్తుందనుకుందేమో, కోడలు ఉలిక్కిపడింది. అది ఆమె పేరే. పంపిన కాగితంలో ఉన్నదీ, ఆమె చేతిలోని ఆధార్‌లో ఉన్నదీ అదే. సారు నాతో జరిగిందంతా చెప్పించి, రాయించి, నేను వేలిముద్ర వేయబోతే కోప్పడి సంతకం పెట్టించాడు. చివరికి రిపేరుకూ, కిరాయికీ పడే సుంకమే కట్టించుకున్నాడు.

తిరుగు బస్సులో డబ్బా కోడలి ఒడిలో ఉంది.

"ఇంట్ల చెంచా మీద గూడ నీ పేరు లేదు. నా పేరెందుకు కొట్టించినవ్?"

"మిషను నీది గదా."

బస్సు గజ్వేల్ దాటింది. డబ్బా మీద చెయ్యి వేసి కోడలు అడిగింది, "నా మీద అనుమానం లేదా?"

"ఎందుకుండదు? చాయ్‌ల చక్కెర నాకే తక్కువేస్తవని ఎన్నొద్దుల నుంచో అనుమానం."

"షుగరున్నదని డాక్టర్ చెప్పిండు గదా!"

"గా డాక్టర్ మీద గూడ ఉన్నది."

ఇంటికొచ్చి బిగిస్తే మిషను తిరిగింది. జాకెట్ ముక్కలు తీసుకుపోయిన ఆమె మాత్రం మళ్లీ రాలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను.

విన్నారు కదా, ఇక లేవండి. మీ ఇంటి గిన్నె ఎన్ని ఇళ్లు తిరిగినా మీ గూటికే చేరాలి. మీ ఇంటి ఆడపిల్లల పేరు వాళ్ల సామాను మీద చెరగకుండా ఉండాలి. మీ పొయ్యి, మీ పని, మీ పిల్లలు చల్లగా ఉండాలి.