పక్కింటి భాయ్ రిటైర్మెంటు

నరసరావుపేటలో మా పక్కింటి భాయ్ పంపు మోటార్లు బాగుచేసేవాడు. యాభై ఏళ్లకే షాపు మూసేయాలని ఆయన కోరిక. అందుకే మేడ మీద వాటా అద్దెకిచ్చి, ఆ అద్దెతోనే ఇల్లు గడపడం ముందుగానే అలవాటు చేసుకున్నాడు. గురువారాలు షాపు తెరవకుండా, ఖాళీగా ఉండటం కూడా సాధన చేసేవాడు.

ఒక గురువారం, "ఇట్టా ఉంటే చానా బాగుంది తమ్ముడూ" అన్నాడు నాతో.

వంటింట్లోంచి ఆయన భార్య అడిగింది. "మరి నా రిటైర్మెంటు ఎప్పుడయ్యా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "అది నేను అనుకోనేలేదే" అన్నాడు మెల్లగా.

మరుసటి వారం నుంచి వంట నేర్చుకోసాగాడు. పప్పు మాడినా, అన్నం ముద్దయినా ఆమె వంక పెట్టకుండా తినేది. షాపు మూశాక వంట ఆయనదే అయింది.

చివరిసారి నేను వెళ్లినప్పుడు ఆమె వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"తమ్ముడొచ్చాడు, టీ పెట్టు" అని లోపలికి కేకేసింది.