ఏడుతో గుణిస్తే

లెక్కల రెబెకా టీచర్ రోజూ నంద్యాలలో బస్సెక్కి, కమ్మీ పట్టుకుని నిలబడే ఆళ్లగడ్డ చేరుతుంది. పైట చెంగున సుద్దపొడి, పాదాలకు వాపు. మొన్న గొంతు అరిగిపోయిన చివరి పీరియడ్‌లో బోర్డు మీద 142857 రాసింది. రెండుతో గుణిస్తే 285714, మూడుతో 428571. ఆరు దాకా అవే అంకెలు, చోట్లే మారతాయి.

"మీ ట్రాన్స్‌ఫర్ల మాదిరే ఉండాది మేడమ్," అంది ముందు బెంచీ శ్రీజ.

ఇది ఆమెకు ఆరో బడి. ఏడోదానికి, ఎక్కడో శ్రీశైలం దగ్గరి సున్నిపెంటకు, పొమ్మన్న ఆర్డరు ఆ పొద్దునే వచ్చి బ్యాగులో ఉంది.

"ఏడు మేడమ్, ఏడు" అని క్లాసంతా అడిగింది. అందులో ఏడవమనే అర్థం తట్టి వాళ్లే కిసుక్కుమన్నారు. ఆమె బోర్డు వైపు తిరిగి 999999 రాసింది.

"అన్నీ తొమ్మిదులే. ఇంగ యాడికీ మారే పని లేదు," అంది శ్రీజ.

రాయడం అయిపోయినా టీచర్ ఇటు తిరగలేదు.