మూలలు లేని చందమామ

1969 జూన్‌లో నన్ను చీపురుపల్లి సమీపంలోని ఒక హైస్కూలుకు వడ్రంగం నేర్పే క్రాఫ్టు టీచరుగా వేశారు. అప్పటికి అది శ్రీకాకుళం జిల్లాలోదే. బడిలో హోదాల వరస స్పష్టంగా ఉండేది. హెడ్మాస్టరు, బీఈడీ అసిస్టెంట్లు, పండితులు, డ్రాయింగు మాస్టారు, అందరి తరవాత డ్రిల్లు మాస్టారూ నేనూ. కుర్చీ కాలు విరిగినప్పుడు మాత్రం అందరికంటే ముందు నేనే గుర్తొచ్చేవాణ్ణి.

చేరిన కొద్ది వారాలకే హెడ్మాస్టరు పిలిచి, చలికాలంలో జిల్లా విద్యాధికారి తనిఖీకి వస్తారనీ, నా పనిగదిని సైన్సు ల్యాబు చేసే ప్రతిపాదన ఉందనీ చెప్పారు. గది పోతే విభాగం పోతుంది. నాది తాత్కాలిక పోస్టు కనుక దాంతోపాటు నా ఉద్యోగమూ పోతుంది. పీటలూ రూళ్లకర్రలూ కాకుండా ఇంకేదైనా చూపించమని ఆయన సలహా. మనిషి మంచివారే గానీ, ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. నాలుగు కాళ్లూ నేలకు ఆనేలా పిల్లాడు పీట చేస్తే అది చదువు కాదా?

జులైలో మనిషి చంద్రుడి మీద దిగాడు. పత్రికలో వచ్చిన ఫొటోను బడి గోడకు అంటిస్తే పిల్లలు దాని ముందు నుంచి కదిలేవారు కాదు. అంతకుముందు విజయనగరంలో ఒక బొమ్మల దుకాణంలో, ముక్కలు కలిపి పేర్చుకునే చెక్క రైలింజను చూసి ఉన్నాను. అలాగే చందమామను చేద్దామనుకున్నాను, అదీ గుండ్రంగానే. నలుచదరపు బొమ్మయితే ఎవరైనా నాలుగు మూలలూ ముందు పెట్టేసుకుని ధీమాగా కూర్చుంటారు. గుండ్రటి బొమ్మలో ఆ వెసులుబాటు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోవడంలోనే సగం సరదా ఉంది.

పద్ధతి ఇదీ. ప్లైవుడ్‌ను గుండ్రంగా కోసి, నున్నగా తోమి, రంగులు వేసి, వార్నీషు ఆరాకే ముక్కలు కొయ్యాలి. కోసేది ఫ్రెట్ సాతో. విల్లులాంటి చట్రానికి బిగించిన సన్నటి రంపం అది. చెక్కకు నిటారుగా ఆడాలి, ఏమాత్రం వాలినా ముక్క ఒకవైపు నుంచే దిగుతుంది. మాది తాతలనాటి నుంచీ బండి చక్రాలు చేసిన ఇల్లు. కంపాసు చేతికిస్తే వృత్తాన్ని సమభాగాలు చెయ్యడం నాకు మంచినీళ్ల ప్రాయం. అలాగే చేశాను. అంచు ముక్కలన్నీ ఒకే కొలత, ఒకదానికొకటి పట్టుకునే నాలుకలన్నీ ఒకే వంపు.

మా సైన్సు మాస్టారు మధ్యాహ్నం విరామంలో దాన్ని పేర్చి నన్ను పిలిచారు. ముక్కలు బిగుతుగా కూర్చున్నాయి, ఎక్కడా సందు లేదు. చంద్రుడి మొహం మాత్రం చిందరవందరగా ఉంది. అంచు ముక్క దేన్ని ఎక్కడ పెట్టినా సరిపోతోంది మరి.

“మాస్టారూ, సందమామకి బండి సక్రం బిగించేసినారేటి?” అన్నారాయన.

నాకు తల కొట్టేసినట్టయింది. కంపాసును పెట్టెలో పడేసి, కొత్త చెక్క తీసుకున్నాను. కుందేలులా కనిపించే మచ్చలకు పత్రికలోని ఫొటో చాలక, పున్నమి చంద్రుణ్ణే చూసి రంగులు వేశాను. ఆ తరవాత గీతలన్నీ చేత్తో వంకరటింకరగా గీసి, ఏ రెండు నాలుకలూ ఒకలా లేకుండా కోశాను. సమంగా కొయ్యడం కంటే అది చాలా కష్టమైన పని.

తనిఖీ రోజున తల్లిదండ్రులనూ రమ్మన్నారు. అధికారి నా గదికి వచ్చేసరికి, మా విద్యార్థి ఒకడి నాయనమ్మ చింతాలమ్మ నేలమీద పరిచిన ముక్కల ముందు కూర్చుని ఉంది. గోగు పండించే రైతుల ఇంటి మనిషి. అధికారి వంగి ఒక్కో ముక్కే తిప్పి చూస్తూ మూల కోసం వెతికారు. లేదని గ్రహించి నవ్వారు. అంచు ముక్కలు ఏరి, అన్నీ బూడిదరంగే కావడంతో ఏది దేని పక్కనో తెలియక ఆగిపోయారు.

“అంచు నాను సూసుకుంతాను బాబూ. నువ్వు కుందేలు సూడు” అంది చింతాలమ్మ.

హెడ్మాస్టరు మొహంలో నెత్తుటిచుక్క లేదు. అధికారి బూట్లు విప్పి ఆవిడకు ఎదురుగా బాసింపట్టు వేసుకున్నారు. గుండ్రటి బొమ్మకు తలాపు అంటూ ఉండదు, ఎటు కూర్చున్నవాళ్లకు అటే ఎదురు. చూస్తుండగానే అసిస్టెంట్లూ పండితులూ రైతులూ చుట్టూ చేరిపోయారు. ఫలానాది కుందేలు చెవి అని అధికారి, కాదు కాలని చింతాలమ్మ, కాసేపు వాదన కూడా జరిగింది. భోజనం చల్లారుతోందని హెడ్మాస్టరు గుర్తు చేస్తే ఆయన వినిపించుకోలేదు. ఆఖరి ముక్క ఆవిడ చేతిలో మిగిలింది. అధికారి చెయ్యి చాపారు. ఆవిడ ఇవ్వలేదు, తనే పెట్టేసింది.

ఆయన లేచి ప్యాంటు దులుపుకుని హెడ్మాస్టరు వైపు తిరిగారు.

“ల్యాబుకి ఇంకో గది చూడండి. దీన్ని కదపొద్దు.”

నాకు గంతెయ్యాలనిపించింది. బడిలో బాగుండదని ఆగి, ఇంటికెళ్లి వేశాను. మా ఆవిడ నాకు మతిపోయిందనుకుంది. తరవాత పోస్టు పర్మనెంటయింది. ల్యాబు వరండా చివరి గదిలో పెట్టారు, దానికి బల్లలు మా పిల్లలే చేశారు.

అంతకుముందు వడ్రంగం ఎందుకని ఎవరైనా అంటే నేను వాదనకు దిగేవాణ్ణి, ఒక్కసారీ నెగ్గలేదు. ఆ రోజు నేను నోరు విప్పిందే లేదు. ఆ తరవాత ఏ తనిఖీకీ ప్రసంగం తయారు చేసుకోలేదు. చేసిన పనిని వచ్చినవాళ్ల చేతికిచ్చి పక్కకు జరిగేవాణ్ణి.